మాటల్లేని పాటకు మాటలు

కాటారం దాటినంక గని ఉప్పలయ్యకు సోయికి రాలె, ఒళ్లె పెట్టుకున్న క్లారినెట్ పెట్టె మీద పులిహోర గిన్నె కూసున్నదని. నలభై ఏండ్ల సంది వాయించే వాయిద్యం, ఎర్రటి మెత్తగుడ్డల పసిపిల్లను పండవెట్టినట్టు పండవెట్టిన వాయిద్యం, దాని నెత్తి మీద పులిహోర! తీసి కింద పెడ్దామంటె కింద జాగ ఏది? కాళ్ల నడుమ గేరు రాడ్డు, డ్రైవర్ రాకేశ్ గేరు మార్చినప్పుడల్ల అది వచ్చి సక్కగ మోకాలు చిప్పకే తగులుతాంది. ట్రాలీ ఆటో ముందట ఇద్దరు పట్టే సీట్ల ముగ్గురు. కిటికి దిక్కు పెండ్లాం వెంకటనర్సమ్మ, ఆమెకు బండెక్కితె కడుపుల తిప్పుతది, కిటికి ఆమెకు ఇయ్యక తప్పది. వెనుక డబ్బాల డోలు, డోలు కొట్టే ధన్‌సింగ్, బూర ఊదే బలరాం, పాటలు పాడే ఎల్లస్వామి. ఇంకొక్క గంటల కాళేశ్వరం. దిగుడు దిగుడే స్టేజి. స్టేజి మీద పన్నెండు నిమిషాలు, పాట లేదు, మాట లేదు, ఉత్త బాజ. “మూతి తుడుసుకున్నవా?” అన్నది వెంకటనర్సమ్మ. ఆయన తలూపిండు. “తుడుసుకున్నవా?” అని మల్ల అన్నది, గొంతు ఇంకింత మీదికి లేపి. “భూపాలపల్లిల తాగిన చాయ్ మీసాలకే ఉండె, నలుగురు సూసెటోళ్లు, నలుగురు నవ్వెటోళ్లు, జర బుద్ధన్న ఉండాలె మనిషికి...” ఆడ ఆగింది, గాలి పీల్చుకున్నది, “నా గాచారం!” అని కిటికి దిక్కు తిరిగింది. ఉప్పలయ్య విన్నడా అంటె వినలె. పెండ్లయి ముప్పై ఎనిమిదేండ్లాయె, ఆమె మాట ఆయన చెవికి ఇంట్ల ఫ్యాను సప్పుడసొంటిది. తిరుగుతున్నదని ఎరుక, ఏమంటున్నదో ఎరుక లేదు.

ఆమె మాత్రం నా బాజ ఎన్నడన్న విన్నదా, లెక్కకు లెక్క సరి, అనుకున్నడు. అడిగితె అంటది: “బరాత్‌ల గుర్రం ముందట నడిచెటోనివి, నిన్ను సూసుడేంది, జనం గుర్రాన్ని సూస్తరు గని.” నిజమె, ఆమె నోట్లె అబద్ధం రాదు, అదే ఆమెతోటి వచ్చిన తంట. జనగామ గల్లీలల్ల, మానుకోట స్టేషన్ రోడ్డుల, మరిపెడ అంగడి బజార్ల ఎన్ని బరాత్‌లు నడిచిండో ఆయన మోకాళ్లకెరుక. జనం ఎగిరిన్రు, ఈలలేసిన్రు, తువ్వాలలు తిప్పిన్రు. విన్నోడు మాత్రం ఒక్కడు లేడు. ఎగిరెటోడు ఏం వింటడు? ఇగ డీజే డబ్బాలు వచ్చినంక ఎగిరెటోళ్లు గూడ అటే పాయె. ఇయ్యాల ఆమె ఎంబడి వస్తున్నదంటె బాజ కోసం గాదు, గోదాట్ల మునుగాలె, దేవుని దర్శనం చేసుకోవాలె. నిన్న సద్దులు గడుతాంటె మాత్రం అడిగింది, “నాకు కాళ్లు గుంజుతయి, నువ్వు ఊదేకాడ కుర్సీలన్న ఉంటయా?” అని. ఉంటయన్నడు. “అయితె జరసేపు కూసుంట” అన్నది. గంతే. ఆ ‘కూసుంట’ పట్టుకొని ఉప్పలయ్య రాత్రంత పక్క మీద అటు ఇటు పొర్లిండు. అరవై రెండేండ్లకు ఒక్కసారి, ఆమె కుర్సీల, తను స్టేజి మీద, నడుమ గుర్రం లేదు. బాణిల అన్నిటికన్న గట్టిదైన మూడో మలుపు కాడ తప్పు పోయిందనుకో, ఆమె లేచి గోదారికి పోతది, ఇగ తను సచ్చెదాక దాన్ని ‘ఊదుడు’ అనే అంటది. సచ్చినంక గూడ అంటది.

ఇదంత జీవన్ సారు తెచ్చిపెట్టిన తిప్పలు. పోయిన మాఘమాసం జనగామల ఒక పెండ్లి. పిల్ల ముస్తాబు కాలె, అయ్యగారు గడియారం దిక్కు సూస్తున్నడు, ఎల్లస్వామి గొంతు పొద్దటి సంది పోయింది, ఎందుకు పోయిందంటె మూడు ఐస్‌క్రీములు తిన్నడు, అడగొద్దు. ఊకె ఎందుకుండుడని ఉప్పలయ్య ఏదో ఊదిండు. మూలకు కూసోని బువ్వ తింటున్న ఒక బక్కపల్చటి సారు చెయ్యి కడుక్కోకుండనె లేచి వచ్చిండు. పట్నంల పిల్లలకు సంగీతం చెప్తడట. “ఇదేం పాట?” అన్నడు. “పాట కాదు సార్, ఖాళీ” అన్నడు ఉప్పలయ్య. “ఆ ఖాళీనే వాయించాలి మీరు. కాళేశ్వరంలో మేం వాద్యాల పండుగ పెడుతున్నాం, అందులో పాటలుండవు, వాద్యాలే” అన్నడు, అనుకుంట పప్పు చేత్తోనె ఉప్పలయ్య చెయ్యి పట్టుకున్నడు. నలభై ఏండ్లల్ల బాజ విని చెయ్యి పట్టుకున్న మనిషి గాయనొక్కడే. పప్పు అంటితె అంటింది, అన్నడు ఉప్పలయ్య మనసుల, ఆ చెయ్యి ఇప్పుడు గూడ ఒకసారి సూసుకున్నడు, గేరు రాడ్డు వచ్చి మోకాలుకు తగిలింది.

ఊ అన్నంక గని తెలిసిరాలె అది ఎంత మోపో. బ్యాండోళ్లకు రాసుకునుడు, సూసి వాయించుడు ఉండది. మాటను పట్టుకొనె వేలు నడుస్తది. లోపట మాట నడుస్తాంటె బయట బూర పలుకుతది, అప్పగింతల పాటంటె లోపట పిల్ల తల్లి మాటలు, బయట మంది కండ్లల్ల నీళ్లు. ఆ మాటను తీసేస్తె పిడి ఊడిన చెంబు, యాడ పట్టుకుంటవు? నేర్చుకునేటందుకు మొదటినాడు మరిపెడ అవతల ధన్‌సింగ్ తండల, ఆయన వాకిట్ల కుర్సీలేసి కూసున్నరు. ఉప్పలయ్య తన బాణి వినిపిచ్చిండు. మూడు మలుపులు దానికి. మొదటి మలుపు ఏదో అడిగినట్టుంటది, మల్ల అదే అడిగినట్టుంటది, రెండోసారి కొంచెం మీదికెల్లి. రెండో మలుపు గబగబ దిగే మెట్లు. మూడోది ఎక్కుతది, ఎక్కుతది, పైకి పోయి ఆగుతది, ఆడ ఏం లేదు, ఉత్త గాలి, ఆగి ఆగి ఒక్కపెట్టున కిందికి. మొదటి రెండు అందరికి వచ్చినయి. పైన ఆగుడు ఎవ్వనికి రాలె. బలరాం ముందుగాలనె దుంకుతడు. ధన్‌సింగ్‌కు ఖాళీ కనవడ్డదంటె డోలు మీద ఒకటి పడాలె, ఖాళీని ఖాళీగ ఉంచుడు ఆయన ఒంట్ల లేదు. ఎల్లస్వామికి పాట లేదు కనుక చేతికి తాళాలిచ్చిన్రు, ఆయన తాళాలు మర్చిపోయి నోరు తెరుస్తడు. ఇంకో సంగతి, పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి నడుచుకుంట వాయించినోళ్లకు కూసోని వాయించుడు రాదు. నాలుగు నిమిషాలు గాలె, ఒక్కొక్కడు లేచి నడువవట్టె, ఎటు పోతున్నమో సోయి లేకుండ తండ దాటి డాంబరు రోడ్డెక్కిన్రు, వెనుకకెల్లి ధన్‌సింగ్ పెండ్లాం తారి “పెండ్లి ఎవరింట్ల?” అని కేకేసింది. తెల్లారి ఉప్పలయ్య ధన్‌సింగ్ కాలు తువ్వాలతోటి కుర్సీకి కట్టిండు. ఆనాడు మూడో మలుపు కాడ దారి తప్పి అందరు ఒక్కతీర్గ అప్పగింతల పాటలకు పోయిన్రు, వంటింట్ల తారి నిజంగనె ఏడ్చింది.

అడవి మొదలైంది. రెండు దిక్కుల చెట్లు, నడుమ రోడ్డు, ఎండ ముక్కలు ముక్కలుగ అద్దం మీద పడుతాంది. వెంకటనర్సమ్మ కండ్లు మూసుకున్నది, నిద్రనా కడుపుల తిప్పుడా తెల్వది. ఈ బాణి ఎట్ల దొరికిందని జీవన్ సారు అడిగితె ఉప్పలయ్య ఉన్నదున్నట్టె చెప్పిండు. తెల్లారగట్ల, కండ్లింక తెరువకముందుగాల, నిద్రకు మెలకువకు నడుమల చెవులబడుతది సార్, రోజు పడుతది, ఎన్నేండ్ల సందో యాదిలేదు, సరస్వతమ్మ వచ్చి దుప్పట్ల చెప్పిపోయినట్టు. సారు నోటుబుక్కుల రాసుకున్నడు. కండ్లు తెరిస్తె అది పోతది. అందుకనె ఎంత పొద్దెక్కినా ఆయన కండ్లు తెరువక పండుకుంటడు, పండుకుంటడని వెంకటనర్సమ్మ లొల్లి చేస్తది, ఆమె లొల్లి చేసుట్లనె సరస్వతమ్మ నారాజై పోతున్నదని ఆయనకు లోపల లోపల కోపం. చదువుల తల్లికి, ఇంటి తల్లికి పడది అనుకున్నడు. ఇంటి తల్లి కండ్లు మూసుకోనె “పులిహోర పడగొట్టకు” అన్నది.

డ్రైవరు వెనుక చిన్న అద్దం సందులకెల్లి సప్పుడు వినవడ్డది. వెనుకోళ్లు నోటితోటి బాణి పలుకుతున్నరు. పాపం, ఎంత శ్రద్ధ, అనిపిచ్చింది ఉప్పలయ్యకు, వీళ్లను ఊకె తిట్టిన గదా అనుకుంట మెల్లగ చెవి వెట్టిండు. ఎల్లస్వామి గొంతు, బాణి బరాబర్, మూడు మలుపులు బరాబర్, గని బాణి మీద మాటలున్నయి. “రంగేసిండు, రంగేసిండు, చెమటొస్తె చెంపల మీదికెల్లి కారవట్టె, కాలర్ అంత కరాబాయె, ముసలోనికి ఎందుకురా ఇంత... సోకు!” ఉప్పలయ్య చెయ్యి తనంతల తనే చెంపకు పోయింది. పొద్దుగాలనె వేసుకున్న రంగు, స్టేజని. తర్వాత బలరాం అందుకున్నడు: “కోడికూర, కోడికూర, ఉప్పలన్న పోసేది ఉత్త చాయె, అందుల చెక్కెర గూడ తక్కువె, మన జన్మల దొరుకుతదా ఒక్క... బొక్క!” ధన్‌సింగ్‌ది లంబాడి మాట, ఉప్పలయ్యకు అర్థం గాలె, గని అందుల తన పేరు మూడుసార్లు వినవడ్డది, బలరాం నవ్వు మాత్రం ఆగుత లేదు. ఓరి మీ పాడుగాను! మూడు నెలలు, మాట వద్దు మాట వద్దు అని చెప్పి చెప్పి తన నోరు పోయె, మాట అన్నోడు చాయ్ కాయాలె అని షరతు పెట్టె, సరస్వతమ్మ బాణి మీద వీళ్లు తన జుట్టు రంగు పూసి పెట్టిన్రు.

అద్దం గుంజిండు. “ఏందిరా గది?” ముగ్గురు పంతులు వచ్చిన బడిపిల్లల లెక్క నోర్లు మూసిన్రు. ఎల్లస్వామి పెద్దోడు కనుక ఆయనే గొంతు సవరిచ్చుకున్నడు. “తప్పువట్టకు ఉప్పలన్నా. మాట లేకుంటె పైకెల్లి ఎప్పుడు దిగాల్నో తెల్వకపాయె. గిప్పుడైతె ‘ఇంత’ అన్నంక ఉమ్మి మింగుతం, మింగి ‘సోకు’ అంటె దిగుడు బరాబర్ కుదురుతాంది.” ఎన్నాళ్ల సంది అని అడిగితె రెండు నెలల సంది అన్నరు. రెండు నెలల కిందనె మూడో మలుపు ఒక్కసారి కుదిరింది, నిజమె, అది తన నేర్పుడు వల్ల కుదిరిందనుకున్నడు, వాడకట్టంత చెప్పుకున్నడు. “నీకు లోపట ఏ మాటలు లేవా అన్నా?” అని ధన్‌సింగ్ అడిగిండు, ఎక్కిరిచ్చినట్టు గాదు, నిజంగ తెలుసుకోవాలని. “లేవు. నాది ఉత్త బాణి.” “ఉత్తది ఎట్లుంటదన్నా, ఏదో ఒకటి ఉంటది, యాది చేసుకో.” ఉప్పలయ్య అద్దం మూసిండు. “ఏందట?” అన్నది వెంకటనర్సమ్మ. “ఏం లేదు.” “మరి చెంపలెందుకు రుద్దుకుంటున్నవు, రంగు అంటుతది.”

ఇగ అంటుకున్నది. రంగు గాదు, మాట. మనసుల బాణి మొదలువెట్టితె చాలు, రంగేసిండు రంగేసిండు అని నడువవట్టె, ఆపితె కోడికూర. మహదేవపూర్ దాటింది, కోడికూర. క్లారినెట్‌కు నవ్వు పగ, ఇది వాయించినోనికె ఎరుక. పెదవి బిగిచ్చి మూతికాడి రీడు పుల్లను పట్టాలె, పెదవి సాగిందా, తోక తొక్కిన పిల్లి లెక్క కీసుమంటది. ఎన్కట ఒకపారి మరిపెడ బరాత్‌ల గుర్రం మెడ తిప్పి పెండ్లిపిలగాని బంతిపూల దండ తినవట్టె, పిలగాడు ఇజ్జత్ పోతదని సప్పుడు చెయ్యలె, దండ సగమైంది, ఉప్పలయ్యకు నవ్వాగలె, కీసుమన్నది, గుర్రం బెదిరింది, పిలగాడు పోయి కాబోయే మామ ఒళ్లె పడ్డడు. ఇయ్యాల గుర్రం లేదు గని ముందటి కుర్సీల పెండ్లాం ఉంటది. దుఃఖం వచ్చే సంగతులు యాది చేసుకుంటె నవ్వు రాదు గదా అని నాయిన పోయిన నాడు యాది చేసుకున్నడు. నాయిన సన్నాయి ఊదెటోడు, మంచిగ ఊదెటోడు, పోంగ గూడ ఆయన మీసాలు నల్లగనె ఉన్నయి, ఎట్లున్నయి, దీపం మసి రాసెటోడు గదా, అగో, మల్ల రంగే వచ్చె! దవాఖానల తను పండుకున్న పదిరోజులు యాది చేసుకున్నడు, ఆ పదిరోజులు తెల్లారగట్ల బాణి రాలె, అప్పుడు ఎంత గావర పడ్డడో, అమ్మ సరస్వతి నన్ను ఇడిసిపెట్టిందనుకున్నడు. ఇంటికొచ్చిన తెల్లారి మల్ల వచ్చింది. ఎందుకు దవాఖానల రాలె? పక్క మంచపోళ్ల దగ్గుల సప్పుడుకు అనుకున్నడప్పుడు. గిప్పుడు ఆ సంగతి ఎందుకు యాదికొచ్చిందో తెల్వది.

గోదారి కనవడ్డది, వెడల్పుగ, ఏం తొందర లేనట్టు. వెంకటనర్సమ్మ కిటికిలకెల్లి రెండు చేతులు ఎత్తి మొక్కింది. స్టేజి ఒడ్డుకు దగ్గర్నె, నీలం షామియానా, ముందట ఎర్ర కుర్సీలు, కుర్సీలల్ల నిజంగనె మనుషులు, కూసున్నరు, ఎవ్వడు ఎగురుత లేడు. అనిత అనే పిల్ల కాయితం పట్టుకొని ఉరికొచ్చింది, మైకుల చెప్పాలె, బాణి పేరేందని. “పేరు లేదు బిడ్డా.” “కట్టిందెవరు?” సరస్వతమ్మ అనబోయి, వెనుక ముగ్గురి మొకాలు సూసి, “ఖాళీ ఉంచు” అన్నడు. ధన్‌సింగ్ తనంతల తనే తువ్వాల తీసి కాలు కుర్సీకి కట్టుకున్నడు. ముందటి వరుసల వెంకటనర్సమ్మ ఒళ్లె పులిహోర గిన్నె పెట్టుకొని కూసున్నది, కాళ్లు సాపింది, మొకం సూస్తె బస్సు కోసం కూసున్నట్టున్నది.

మొదలువెట్టిన్రు. మొదటి మలుపు, బలరాం మెడ నరాలు పొంగినయి, కోడికూర అంటున్నడు లోపట, వినవడుతున్నది కండ్లల్ల. రెండో మలుపు, ఎల్లస్వామి తాళాలు కొట్టుకుంట తన చెంపల దిక్కె సూస్తున్నడు, వద్దురా అయ్యా సూడకు, పెదవి సాగుతాంది, కీసుమంటది, అయిపాయె, పరువు గోదాట్ల కలిసిపాయె. ఉప్పలయ్య కండ్లు తప్పిచ్చి పెండ్లాం దిక్కు సూసిండు. ఆమె పెదవులు కదులుతున్నయి. దేవుణ్ని తలుసుకుంటున్నదా అంటె గాదు. మొదటిసుట్టు మూడో మలుపు ఎట్లనో గట్టెక్కింది, రెండోసుట్టు మొదటి మలుపు వచ్చింది, ఆమె పెదవులు బాణి మీదనె కదిలినయి, రెండుసార్లు, రెండోసారి కనుబొమ్మలు లేపి. మెట్లు దిగుతాంటె ఆమె తల ఊగింది, కోపంగ. మూడో మలుపు ఎక్కుతాంటె ఆమె చెయ్యి పులిహోర గిన్నె మీది మూతను పట్టుకొని మీదికి లేసింది, నోరు తెరుసుకున్నది, గాలి పీల్చుకున్నది. గప్పుడు తెరుసుకున్నయి ఉప్పలయ్య చెవులు. ‘లేసినవా? లేసినవా? పాలాయన వచ్చిపాయె, నల్లా వచ్చిపాయె, నెత్తి మీదికి పొద్దెక్కిపాయె, నిన్ను గట్టుకున్న నాటి సంది...’ ఆ పైన ఆగుడు ఏంది అంటె ఆమె ఊపిరి. ముప్పై ఎనిమిదేండ్ల సంది, దవాఖానల పదిరోజులు తప్ప, రోజు పొద్దుగాల, వంటింట్ల మూత లేపి పట్టుకొని ఆమె తీసుకునే ఊపిరి. ఉప్పలయ్య పైన ఆగిండు. ఆమె ఎంతసేపు పట్టుకుంటె అంతసేపు పట్టుకున్నడు, ఛాతి మండుతాంది, ఉమ్మి మింగెటోళ్లు మింగి అయిపోయింది, అయినా ఎవ్వడు దుంకలె, అందరు ఆయన దిక్కె సూస్తున్నరు, ఆయన ఆమె దిక్కె. మూత టంగున గిన్నె మీద పడ్డది. నలుగురు ఒక్కపెట్టున దిగిన్రు. ధన్‌సింగ్ కుర్సీతోని సహా రెండడుగులు ముందటికి నడిచిండు.

ఆగిపోయినంక సప్పుడు లేదు. చప్పట్లు లేవు, ఈలలు లేవు, గోదారి గాలికి షామియానా గుడ్డ కొట్టుకుంటాంది. కతమైపోయినమని ఎల్లస్వామి కండ్లు మూసుకున్నడు. ఆ సప్పుడు లేనికాడ వెంకటనర్సమ్మ గొంతు మైకు అక్కర్లేకుండ లేసింది: “ఓయమ్మా! గిది నేను పొద్దుగాల తిట్టే తిట్టు గాదు?” ముందటి వరుస నవ్వింది, నవ్వు వెనుక వరుసలకు పోయింది, చప్పట్లు అటుకెల్లి ఇటొచ్చినయి, జీవన్ సారు నవ్వలేక ఏడ్వలేక మైకు పట్టుకొని స్టేజెక్కిండు. “ఉప్పలయ్యగారూ, ఈ బాణీ కట్టిందెవరు, చెప్పండి.” ఉప్పలయ్యకు ఇంక ఊపిరి సక్కగ రాలె. చెమట చెంపల మీదికెల్లి నల్లగ కారుతాంది, తుడుసుకోలె. “గామె” అన్నడు, వేలు చూపెట్టి. “ముప్పై ఎనిమిదేండ్ల సంది కడుతాంది సార్. సరస్వతమ్మ అని జెప్పిన, అది తప్పు, నీ నోటుబుక్కుల కొట్టేయి. నేను నిద్రల విన్న, గంతే.” ఉన్నోళ్లంత వెనుకకు ముందటికి మెడలు తిప్పి ఆమెను సూసిన్రు.

వెంకటనర్సమ్మ కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. ఆమెకు సిగ్గొచ్చినా కోపమొచ్చినా ఒక్కటె తీరు. “సాలు తియ్యి!” అన్నది. “సాలు తియ్యి!” అని మల్ల అన్నది, ఇంకింత మీదికెల్లి. “ఇంత మందిల నా ఇజ్జత్ దీస్తివి, రంగంత అంగికి కారవట్టె, నీ ఎంబడి వచ్చినోళ్ల పొట్టలు మాడవట్టె, ఇగనన్న దిగొచ్చి పులిహోర తింటవా...” ఆడ ఆగింది. మూత మల్ల చేతిల ఉన్నది, గాలి పీల్చుకున్నది. ధన్‌సింగ్ చెయ్యి డోలు మీదికి లేసి ఆగిపోయింది, ఆ ఖాళీని ఖాళీగనె ఉంచిండు. ఉప్పలయ్య నాలికతోటి రీడు తడుపుకున్నడు, పెదవులకాడ పెట్టుకున్నడు, పెండ్లయిన కాడికెల్లి మొట్టమొదటిసారి, ఆమె ఇగ ఏమంటదోనని చెవి వెట్టిండు.